వాన నీటిని పైపుల్లో పంపాలా, నేలకు వదలాలా? డ్రైనేజీ డిజైన్ చేసేవాడి సందేహం

పైపులెక్క:

అందరికీ నమస్తే. నేను సివిల్ ఇంజనీర్‌ని, వాన నీటి డ్రైనేజీ డిజైన్ చేస్తుంటాను. వాన తీవ్రత, విస్తీర్ణం, రనాఫ్ గుణకం (పడిన వానలో ఎంత భాగం నేలలో ఇంకకుండా పారిపోతుందో చెప్పే అంకె) ఈ మూడూ చేతికిస్తే ఎంత నీరు వస్తుందో, ఎంత పైపు వేయాలో చెప్పేస్తాం. ఇన్నాళ్లూ పని అలాగే నడిచింది. ఇప్పుడు ఒక కొత్త లేఅవుట్ పని వచ్చింది. మధ్యలో పోయే వాగును బాక్స్ డ్రెయిన్‌లో, అంటే పెట్టె లాంటి కాంక్రీటు కాలువలో పెట్టి కప్పెయ్యొద్దు, వాగులాగే వదిలి రెండు వైపులా జాగా ఉంచుదాం అంటున్నారు ప్లానింగ్ వాళ్లు. రోడ్ల పక్కన మొక్కల మడులు కట్టి వాన నీళ్లు వాటిలోకి మళ్లిద్దాం, చెట్లకు స్థలం ఇప్పుడే గీసేద్దాం అని కూడా అంటున్నారు.

వినడానికి బాగుంది. కానీ రేపు కుంభవృష్టి కురిసి ఇళ్లలోకి నీళ్లొస్తే జవాబు చెప్పాల్సింది నేను. పైపుకైతే కెపాసిటీ ఉంటుంది, లెక్క రాసి సంతకం పెట్టగలను. మొక్కల మడికి ఏమని రాయాలి? ఇంకో టెన్షన్ దోమలు, ఎందుకంటే నీళ్లు నిలిచే డిజైన్ అంటేనే జనం భయపడతారు. అయిదేళ్ల తర్వాత దీన్నంతా ఎవరు చూసుకుంటారన్నది మరో సందేహం. ఈ పద్ధతి ఎక్కడైనా నిజంగా పెద్ద వానకు నిలబడిందా, లేక ఫొటోల్లో మాత్రమే బాగుంటుందా? ఈ పని చేసినవాళ్లు, దగ్గరగా చూసినవాళ్లు చెబితే బాగుంటుంది.

వాగువంక:

మీ లెక్కతోనే మొదలుపెడతాను. ఒక హెక్టారు మొత్తం కాంక్రీటూ తారూ అనుకోండి, గుణకం 0.9. 25 మిల్లీమీటర్ల వాన పడితే 225 ఘనమీటర్ల నీరు పారుతుంది, అంటే 2 లక్షల 25 వేల లీటర్లు. ఆ హెక్టారులో 600 చదరపు మీటర్లు మడులకు వదిలి, 30 సెంటీమీటర్ల లోతు నీరు నిలిచేలా చేస్తే 180 ఘనమీటర్లు అక్కడే ఆగుతాయి. మిగతా కొంచెం వాన పడుతున్నంతసేపూ మట్టిలోకి దిగే నీటితో సర్దుకుంటుంది. అదే 150 మిల్లీమీటర్లు కురిస్తే? 1,350 ఘనమీటర్లు. మడి నిండిపోయాక వెయ్యికి పైగా ఘనమీటర్ల నీరు ఎటో ఒక దిక్కుకు పోవాలి. కాబట్టి మడికి కూడా కెపాసిటీ రాయొచ్చు, కాకపోతే పక్కనే ఇంకో మాట రాయాలి: అది నిండాక నీరు ఏ మట్టం దగ్గర, ఏ దారిన బయటికి పోతుందో. అలుగు లేకుండా చెరువు కట్టం కదా, మడికీ అంతే. ఈ రెండో మాట రాయని డ్రాయింగ్ మీద మీరు సంతకం పెట్టకండి, అందులో తప్పేం లేదు.

మరి మడి వల్ల లాభమేంటంటే, ఏడాదిలో పడే వానల్లో ఎక్కువ శాతం చిన్న వానలే. ఆ చిన్న వానల నీరే రోడ్ల మీది నూనె, టైరు ధూళి, చెత్త అంతా కడిగి వాగుల్లో కలిపేది. అమెరికాలో ఫిలడెల్ఫియా ఇదే ఆలోచనతో 2011లో 25 ఏళ్ల ప్రణాళిక మొదలుపెట్టింది. అక్కడ పాత పేటల్లో మురుగు, వాన నీరు ఒకే పైపులో పోతాయి, వాన గట్టిగా పడితే ఆ కలిసిన మురుగు నేరుగా నదిలోకి పొంగుతుంది. భూమి కింద భారీ సొరంగాలు తవ్వడం మీదే ఆధారపడకుండా, ఈ పథకం కిందికి తెచ్చే ప్రతి ఎకరంలో మొదటి అంగుళం వాన నీటిని నేలలోనో మడిలోనో పట్టి ఉంచాలన్న లక్ష్యం పెట్టుకున్నారు.

పెద్ద వాన సంగతి అడిగారు కాబట్టి కోపెన్‌హేగన్ చూడండి. 2011 జులై 2న రెండు మూడు గంటల్లోనే కొన్నిచోట్ల 150 మిల్లీమీటర్ల వాన పడి ఊళ్లో చాలా భాగం మునిగింది. మరుసటి ఏడాదే కుంభవృష్టి ప్రణాళిక ఒకటి చేసుకున్నారు. అన్ని పైపులూ పెద్దవి చేయడం వాళ్లకు గిట్టుబాటు కాలేదు. అందుకే కొన్ని వీధులను కావాలనే నీరు పారే దారులుగా మార్చారు, కొన్ని పార్కులను తాత్కాలిక చెరువులుగా తీర్చిదిద్దారు. ఎంగేవ్ పార్కు చుట్టూ తక్కువ ఎత్తు గోడ కట్టి, అవసరమైతే 22,600 ఘనమీటర్ల నీరు నిలిచేలా చేశారు. మిగతా రోజుల్లో అక్కడ పిల్లలు ఆడుకుంటారు. ఇక్కడ చెట్లు, గడ్డి ఎంత పనిచేస్తాయో నేల మట్టాలూ అంత పనిచేస్తాయి. ప్రకృతి అనగానే మొక్కల జాబితా తీస్తారు కానీ ముందు తీయాల్సింది నేల ఎత్తుపల్లాలు చూపించే కాంటూర్ మ్యాప్.

మీ వాగుకి దగ్గరగా ఉండేది సింగపూర్‌లోని బిషాన్ పార్కు. కల్లాంగ్ నదిని ఒకప్పుడు 2.7 కిలోమీటర్ల తిన్నని కాంక్రీటు కాలువలో పెట్టారు. 2012 నాటికి ఆ కాంక్రీటు పగలగొట్టి, పార్కులో కలిపేసి, 3.2 కిలోమీటర్లు వంపులు తిరిగే నదిగా మార్చారు. కాలువ వెడల్పు 17 నుంచి 24 మీటర్లు ఉండేది, ఇప్పుడు వరదలో కొన్నిచోట్ల దాదాపు 100 మీటర్ల దాకా నీరు పరుచుకుంటుంది. అందుకే కాంక్రీటు కాలువ కంటే ఎక్కువ నీటినే మోస్తుంది. గట్లు కోసుకుపోకుండా రాళ్లు, కొబ్బరి పీచు చాపలు, వేళ్లూనే మొక్కలు కలిపి వాడారు. ఏ పద్ధతి ఎక్కడ నిలుస్తుందో ముందు చిన్న పాయ మీద ప్రయోగం చేసి మరీ దిగారు. నీటి మట్టం పెరిగితే మోగే సైరన్లు, హెచ్చరిక లైట్లు కూడా ఉన్నాయి, ఎందుకంటే మామూలు రోజుల్లో జనం నీటి అంచుదాకా వెళ్తారు. బాక్స్ డ్రెయిన్ కెపాసిటీ కట్టిన రోజుతోనే ఖరారవుతుంది, ఆ తర్వాత పూడికతో తగ్గడమే తప్ప పెరగదు. వెడల్పు వదిలిన వాగుకు ఆ ఇబ్బంది తక్కువ. మీ లేఅవుట్‌లో ఇంకా ఇళ్లు లేవు కాబట్టి ఆ వెడల్పు ఇప్పుడే దొరుకుతుంది, ప్లాట్లు అమ్మేశాక ఎవరూ ఇవ్వలేరు.

చెట్టునీడ:

నీటి గురించి వాగువంక గారు చెప్పేశారు, నేను చెట్ల సంగతి చెబుతాను. నా పని పెద్ద చెట్ల ఆరోగ్యం చూడటం.

నేను చూసే చెట్లలో సగం బాధలు నేల కిందే మొదలవుతాయి. ఫుట్‌పాత్ మీద మీటరు కూడా లేని చదరపు గుంత, నాలుగు వైపులా కాంక్రీటు, పైన మొదలుదాకా టైల్స్. మొక్క మూడు నాలుగేళ్లు బాగానే పెరుగుతుంది, ఆ గుంతలో వదులు మట్టి ఉన్నంతవరకు. ఆ తర్వాత వేరు బయటికి వెళ్లాలంటే రోలర్‌తో తొక్కించిన నేల అడ్డు. అందులో గాలి ఆడదు, నీరు దిగదు. ఒకసారి పడిపోయిన చెట్టు వేళ్లు చూడండి, గుంత ఆకారంలోనే చదరంగా చుట్టుకుపోయి ఉంటాయి. ఒకటి రెండు వేళ్లు మాత్రం కేబుల్ ట్రెంచ్‌లోని ఇసుక దొరికి, దాని వెంట సన్నగా, పొడవుగా పాకి ఉంటాయి. చెట్టు గాలికి పడిపోయిందని అంటారు, అసలు అది నిలబడటానికి మనం చోటే ఇవ్వలేదు.

దీనికి దారి ఉంది. స్టాక్‌హోమ్‌లో ఫుట్‌పాత్ కింద పెద్ద కంకర పొరలు వేసి, రాళ్ల సందుల్లోకి మట్టి దించి, పైనుంచి వాన నీరు, గాలి వెళ్లేలా తూములు పెడతారు. బరువు రాళ్లు మోస్తాయి, వేళ్లు సందుల్లో తిరుగుతాయి. చెట్ల కొమ్మలను కాల్చి తయారు చేసిన బయోచార్ బొగ్గును కూడా అందులో కలుపుతున్నారు. అంటే రోడ్డు కిందే చెట్టుకు మట్టి, రోడ్డు నీటికి గిడ్డంగి, రెండూ ఒకే తవ్వకంలో అయిపోతాయి. డ్రైనేజీ డ్రాయింగ్, చెట్ల డ్రాయింగ్ వేరువేరు టేబుళ్ల మీద గీస్తే ఇది ఎప్పటికీ కుదరదు.

ఎందుకింత పట్టింపు అంటే, ఎండలో ప్రాణాలు పోతాయి కాబట్టి. 2023లో లాన్సెట్‌లో ఒక అధ్యయనం వచ్చింది, యూరప్‌లోని 93 నగరాల మీద. 2015 వేసవిలో అక్కడ నగరాల అదనపు వేడి వల్ల 6,700 మంది దాకా చనిపోయారని అంచనా కట్టారు. చెట్ల నీడ సగటున 15 శాతం దగ్గర ఉంది, దాన్ని 30 శాతానికి పెంచితే ఉష్ణోగ్రత సగటున 0.4 డిగ్రీలు తగ్గి, వాళ్లలో 2,644 మంది బతికేవాళ్లని లెక్క తేలింది. 0.4 అంటే చిన్న అంకెలా కనిపిస్తుంది, అది ఊరంతటి సగటు. చెట్టు కింద నిలబడ్డ మనిషికి తేడా అంతకన్నా చాలా ఎక్కువ, ఎందుకంటే నీడ పడ్డ నేల కాలదు, అది తిరిగి వేడి కక్కదు. కొలంబియాలోని మెడెయిన్ 18 రోడ్లు, 12 నీటి పాయల వెంట 30 పచ్చని బాటలు పెంచింది, వాటి వెంట దాదాపు 2 డిగ్రీలు తగ్గిందని నగరం చెబుతోంది. అక్కడ నాకు నచ్చింది ఇంకొకటి ఉంది, పేద కుటుంబాల వాళ్లకు తోటపని నేర్పించి వాళ్లనే ఆ బాటల సంరక్షణకు పెట్టుకున్నారు.

గాలి దారులు కూడా ప్లాన్‌లో గీయాల్సినవే. జర్మనీలో స్టుట్‌గార్ట్ గిన్నె లాంటి లోయలో ఉంది. రాత్రిళ్లు కొండల మీది చల్లగాలి లోయలోకి దిగే దారుల్లో కట్టడాలను నియంత్రిస్తారు. నగరానికి వాతావరణ నిపుణుడు ఉండాలని 1938లోనే గుర్తించిన ఊరు అది.

ఒక్క జాగ్రత్త. ఇరుకు వీధి, రెండు వైపులా ఎత్తైన భవనాలు, కింద బాగా ట్రాఫిక్ ఉన్నచోట పైన గుమ్మటంలా కమ్మేసే చెట్లు వేస్తే పొగ కింద నిలిచిపోతుంది. అక్కడ ఎడం ఎడంగా వేయాలి, లేదా గోడల వెంట తీగలు, పొదలు చాలు. అన్నీ ఒకే జాతి వేయొద్దు. శాంటమూర్ అనే అమెరికన్ శాస్త్రవేత్త 1990లో చెప్పిన సూత్రం ఇప్పటికీ పనికొస్తుంది: ఒక జాతి 10 శాతం, ఒక ప్రజాతి (దగ్గరి జాతుల గుంపు) 20 శాతం, ఒక కుటుంబం (అలాంటి ప్రజాతుల గుంపు) 30 శాతం దాటొద్దు. ఎల్మ్ చెట్లనే వరసగా నాటుకున్న వీధులు ఎన్నో ఒక్క శిలీంధ్ర తెగులుతో బోడిగా మిగిలాయి.

నాలుగోవీధి:

రెండు జవాబులూ బాగున్నాయి. కానీ వినసొంపు ఉదాహరణలే చెబితే అడిగినాయనకు న్యాయం జరగదు. చైనాలో జెంగ్‌జౌ స్పాంజ్ సిటీ పనులు, అంటే వాన నీటిని స్పాంజిలా నగరమే పీల్చుకునేలా చేసే పనులు చేపట్టిన నగరమే. 2021 జులై 20న అక్కడ ఒక్క గంటలో 201.9 మిల్లీమీటర్లు కురిసింది. మెట్రో సొరంగంలోకి నీళ్లొచ్చాయి, నగరంలో వందల ప్రాణాలు పోయాయి. అలాంటి వానకి మడులూ పార్కులూ సరిపోవు, పైపులూ సరిపోవు. అక్కడ ప్రాణాలు కాపాడేది ముందస్తు హెచ్చరిక, సమయానికి రైళ్లు ఆపడం, సొరంగ మార్గాలు మూసేయడం. పచ్చదనం ఉంది కదా అని ఇవి మానేస్తే చాలా ప్రమాదం. ప్లానింగ్ వాళ్లను ముందు ఇదే అడగండి.

రెండోది, ఎవరి కోసం ఈ పచ్చదనం? న్యూయార్క్‌లో పాత రైలు వంతెన మీద 2009లో హై లైన్ పార్కు తెరిచారు, అందంగా ఉంటుంది, కాదనను. చుట్టుపక్కల ఆస్తుల విలువ, అద్దెలు ఎగబాకి, అంతకుముందున్న చిన్న వ్యాపారులూ అద్దెదారులూ నిలవలేకపోయారు. వాగు బాగు చేస్తామని గట్టు మీది గుడిసెలు లేపేసి, ఆ జాగాలో వాకింగ్ ట్రాక్ వేసి, దాని పక్కన ఖరీదైన ఫ్లాట్లు కడితే నేను దాన్ని పర్యావరణ పని అనలేను. 3-30-300 అని 2021లో నగర చెట్ల నిపుణుడు కోనైనెండైక్ ప్రతిపాదించిన కొలత ఒకటి ఉంది: ప్రతి ఇంటి నుంచి 3 చెట్లు కనిపించాలి, ప్రతి పేటలో 30 శాతం చెట్ల నీడ ఉండాలి, 300 మీటర్ల లోపు పార్కు ఉండాలి. అందులో నాకు విలువైనది "ప్రతి" అన్న షరతే. ఊరి సగటు చూపించి తప్పించుకోవడానికి వీలుండదు. మీ లేఅవుట్‌లో చిన్న ప్లాట్ల వైపు ఎన్ని చెట్లు గీశారో, పెద్ద ప్లాట్ల వైపు ఎన్ని గీశారో ఒకసారి లెక్కపెట్టండి.

మడిగట్టు:

నేను గార్డెన్ మెయింటెనెన్స్ సూపర్‌వైజర్‌ని, ఆ మడుల్లో చేతులు పెట్టేది మా వాళ్లే. రోడ్డు పక్క మడులు ఎక్కువ శాతం పనిచేయకపోవడానికి కారణం చాలా చిన్నది: మడి రోడ్డు కంటే ఎత్తులో ఉంటుంది! చుట్టూ కర్బ్ (అంచు రాళ్ల గట్టు) కట్టి, ఎర్రమట్టి అంచుదాకా పోసి, మొక్కలు నాటుతారు. వాన పడితే రోడ్డు నీళ్లు కర్బ్ పక్కనుంచే డ్రెయిన్‌లోకి పోతాయి, పైగా మడిలోని మట్టి కూడా కడుక్కుని రోడ్డు మీదకు వస్తుంది. మర్నాడు ట్యాంకర్ తెచ్చి అదే మడికి నీళ్లు పోస్తాం. మట్టి మట్టం రోడ్డు అంచు కంటే 15 నుంచి 30 సెంటీమీటర్లు కిందకు ఉండాలి, కర్బ్‌లో నీరు లోపలికి వచ్చే గండ్లు ఉండాలి. కాంట్రాక్టర్‌కు ఇది డ్రాయింగ్‌లో మట్టాలు రాసి చూపించకపోతే అలవాటు ప్రకారం నింపేస్తాడు.

గండి కూడా ఊరికే కోసేస్తే చాలదు. అరచేతి వెడల్పు గండి అయితే ఒక్క ప్లాస్టిక్ కవరు, నాలుగు ఎండుటాకులు చాలు, మూసుకుపోతుంది. కనీసం అడుగున్నర వెడల్పు ఉంచి, లోపల నీరు పడే చోట రాళ్లు పరిచి, అక్కడే ఇసుక, చెత్త ఆగేలా చిన్న పళ్లెంలా చేస్తే, మా వాళ్లు వారానికోసారి పారతో తీసేస్తారు. లేకపోతే ఆ ఒండ్రు మడంతా పరుచుకుని పైన పొరకడుతుంది, ఇక నీరు దిగదు. మొక్కల మొదళ్లలో తేలికైన బెరడు ముక్కలు పరవొద్దు, అవి వానకు తేలి బయటికి పోయే తూమును మూసేస్తాయి.

దోమల గురించి నేను గట్టిగా చెప్పగలను. ఎంత వెచ్చని వాతావరణమైనా గుడ్డు నుంచి దోమ లేచి ఎగరడానికి దాదాపు వారం పడుతుంది. మడిలో నీరు ఒకటి రెండు రోజుల్లో ఇంకిపోవాలి, అలా చేసి కట్టిన మడిలో దోమ పెరగదు. దోమలు పెరిగేది అడుగున నీరు నిలిచే క్యాచ్‌పిట్‌లలో (డ్రెయిన్ల మధ్య చెత్త ఆగే గుంటల్లో), మూత కింద ఎవరికీ కనిపించకుండా. బంకమట్టి నేల అయితే మడి అడుగున కంకర, చిల్లుల పైపు తప్పనిసరిగా వేయించండి. వాగు సంగతి వేరు. పారే నీటిలో, చేపలు తిరిగే నీటిలో ఇబ్బంది తక్కువ, మురుగు కలిస్తే మాత్రం ఏ డిజైనూ కాపాడలేదు.

ఇంకో విన్నపం. ఎస్టిమేట్‌లో మొక్కలకు డబ్బు రాస్తారు, మొదటి మూడేళ్లు వాటిని చూసే మనుషులకు రాయరు. ఆ మూడేళ్లే ముఖ్యం. ఏ మొక్క ఉంచాలో ఏది పీకాలో తెలిసిన నలుగురు మనుషులకు జీతాలు రాయించండి. వాళ్లకు మడి ఎందుకు పల్లంగా ఉందో చెప్పండి, లేకపోతే వాళ్లే మంచి మనసుతో మట్టి పోసి నింపేస్తారు.

పైపులెక్క:

అందరికీ చాలా థ్యాంక్స్. మడి ఎత్తులో ఉందా పల్లంలో ఉందా అన్నది మా డ్రాయింగ్‌లో ఇప్పుడే చూశాను, మట్టం ఎక్కడా రాయలేదు. క్రాస్ సెక్షన్‌లో (అడ్డంగా కోసి చూపే బొమ్మలో) రాసి పంపిస్తాను. నాలుగోవీధి గారు చెప్పిన చెట్ల లెక్క కూడా వేస్తాను. ఇంకా రెండు విషయాలు. ఖర్చు గురించి పైవాళ్లు అడుగుతారు, పైపు కంటే ఇది చవక అని రాయొచ్చా? ఇంకిపోయే వేగానికి రిపోర్టుల్లో దొరికే అంకె వాడేయొచ్చా, సైట్‌లో కొలవాలా?

చెట్టునీడ:

ఖర్చు మీద ఒక్క మాట. అన్నిచోట్లా చవక అని రాయకండి, నిజం కాదు. సియోల్‌లో ఫ్లైఓవర్ కూల్చి 2005లో తిరిగి తెరిచిన చొంగ్‌గేచొన్ వాగు 5.8 కిలోమీటర్లు ఎంతో బాగుంటుంది, కానీ అందులో పారే నీటిలో ఎక్కువ భాగం రోజూ హాన్ నది నుంచి మోటార్లతో ఎక్కించాల్సిందే. కొత్తగా తయారు చేసుకునే ప్రకృతి ఖరీదైనదే. ఉన్నదాన్ని కాపాడుకుంటే మాత్రం లెక్క మారిపోతుంది. న్యూయార్క్ తన తాగునీరు వచ్చే క్యాట్‌స్కిల్ అడవులను, పొలాలను కాపాడటానికి 1997లో అక్కడివాళ్లతో ఒప్పందం చేసుకుని, వందల కోట్ల డాలర్లు అయ్యే వడపోత ప్లాంటు కట్టకుండా తప్పించుకుంది. కోల్‌కతా తూర్పున 12,500 హెక్టార్ల చిత్తడి నేలలు నగర మురుగును ఎండతో, నాచుతో, చేపల చెరువులతో శుభ్రం చేస్తున్నాయి, వాటికి 2002లో రామ్‌సర్ గుర్తింపు (అంతర్జాతీయ ప్రాముఖ్యం ఉన్న చిత్తడి నేలలకు ఇచ్చేది) వచ్చింది. మీ వాగు ఇంకా బతికే ఉంది కాబట్టి మీది రెండో రకం కేసు. అలాగే రాయండి.

వాగువంక:

రిపోర్టులోని అంకె వాడొద్దు. మడి వచ్చే చోటే, మడి అడుగు వచ్చే లోతులోనే గుంత తవ్వి, ముందు రోజంతా నీటితో నానబెట్టి, మళ్లీ నింపి గంటకు ఎంత దిగుతోందో కొలవండి. పొడి నేల మొదట గబగబా తాగుతుంది, ఆ అంకె చూసి మోసపోతాం. వచ్చినదాంట్లో సగమే డిజైన్‌కు తీసుకోండి. ఆ చోటును ఇప్పుడే తాడు కట్టి వేరు చేయించండి, జేసీబీలు, లారీలు ఒక్కసారి తొక్కితే ఆ నేల మళ్లీ గుల్లబారడానికి ఏళ్లు పడుతుంది.

కొత్త లేఅవుట్ కాబట్టి ఇంకొకటి. రోడ్లు అయ్యాక ఇళ్లు కట్టడం చాలాకాలం సాగుతుంది. ఆ రోజుల్లో వాన నీటితో పాటు ఇసుక, సిమెంటు పాలు, పునాది మట్టి అన్నీ మడుల్లోకే వస్తాయి, రెండు వానలకే మూసుకుపోతాయి. అందుకని కర్బ్ గండ్లు కోసి ఉంచి, చెక్కతోనో ఇసుక బస్తాలతోనో మూసేసి, ఆ వీధిలో ఇళ్ల పని చాలావరకు అయ్యాకే తెరవండి. అప్పటిదాకా నీరు, మట్టి అడుగున ఆగిపోయే బురదగుంటల మీదుగా వాగుకు పోయేలా తాత్కాలిక కాలువ వేయించండి, ఎస్టిమేట్‌లో దానికి విడిగా ఒక లైను పెట్టించండి.